బొమ్మల కథల వీరులు, వాళ్ళ స్నేహితులు

మన ఇళ్ళల్లో పిల్లల చదువు సంగతి వచ్చినప్పుడల్లా ఒక ఫిర్యాదు తప్పకుండా వినిపిస్తుంది. "ఎప్పుడు చూసినా ఆ సూపర్‌మాన్లూ, బాట్‌మాన్లూ తప్ప మరో ధ్యాస లేదండీ, పట్టుమని పది పేజీల తెలుగు చదవమంటే ముఖం చిట్లిస్తారు" అని. ఈ ఫిర్యాదులో రెండో సగంతో మాకు పేచీ లేదు. మొదటి సగం గురించే నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం. ఆ వీరులు ఎక్కడ పుట్టారు, ఎవరు పుట్టించారు, మనం కాపురముంటున్న ఈ ఎడారి తీరానికి ఎట్లా వచ్చారు, వచ్చాక ఏ రూపం దాల్చారు అని వరసగా చూసుకుంటూ పోతే, అది ఒట్టి గుద్దులాటల చరిత్ర కాదని తేలుతుంది. చాలా వరకు అది స్నేహం చరిత్ర. ఊరు వదిలి వచ్చినవాళ్ళ చరిత్ర కూడా. ఆ రెండూ మనకు పరాయివి కావు.

ముందు సూపర్‌మాన్ సంగతి. అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే ఊళ్ళో గ్లెన్‌విల్ హైస్కూల్లో 1930ల మొదట్లో ఇద్దరు కుర్రాళ్ళు చదివేవారు. ఒకడు జెర్రీ సీగల్, ఇంకొకడు జో షూస్టర్. ఇద్దరూ 1914లో పుట్టినవాళ్ళే. ఇద్దరివీ ఐరోపా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాలే. షూస్టర్ పుట్టింది కెనడాలోని టొరంటోలో, క్లీవ్‌లాండుకు చిన్నతనంలో వచ్చాడు. ఇద్దరికీ కళ్ళద్దాలు, ఇద్దరికీ బిడియం. సీగల్ కథ అల్లితే షూస్టర్ బొమ్మ గీసేవాడు. ఆ జంట ఊహలోంచి పుట్టినవాడే సూపర్‌మాన్. వాళ్ళు ఆ కథను పట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగితే గాని అచ్చు కాలేదు. చివరికి 1938 జూన్ తేదీతో వచ్చిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో వెలుగు చూసింది. దానికి వాళ్ళకు ముట్టింది 130 డాలర్లు. దాంతో హక్కులన్నీ ధారపోసినట్టయింది. ఆ తర్వాత సూపర్‌మాన్ కోట్లు గడించి పెట్టాడు గాని ఆ ఇద్దరూ కోర్టుల చుట్టూ తిరిగారు. 1975లో, సినిమా రాబోతున్న రోజుల్లో, పత్రికల్లో గగ్గోలు పుట్టాక, ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్ల పింఛనూ, కథ మీద వాళ్ళ పేర్లూ దక్కాయి.

ఇంతకీ వాళ్ళు సృష్టించిన ఆ వీరుడు ఎవరు? పుట్టిన లోకం నాశనమైపోతే తల్లిదండ్రులు పరాయి లోకానికి పంపించిన బిడ్డ. వాడికి రెండు పేర్లు. ఇంట్లో ఒక గుర్తింపు, వీధిలో ఇంకొకటి. అందరిలో ఒకడుగా కనిపించాలని తాపత్రయం, తాను వేరు అన్న ఎరుక. ఈ లక్షణాలు వలస కుటుంబంలో పెరిగిన పిల్లవాడికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. మన పిల్లలకు ఆ కథ అంత తేలిగ్గా ఎందుకు అంటుకుంటుందో దీన్నిబట్టి కొంత ఊహించుకోవచ్చు.

ఒకడు రాయడం, ఇంకొకడు గీయడం అంటే మనకు వెంటనే బాపు, రమణలు గుర్తుకు రావాలి. గోదావరి ప్రాంతం నుంచి మద్రాసు చేరిన ఆ ఇద్దరూ అక్కడి బడిలో కలుసుకున్నారు. ముళ్ళపూడి వెంకటరమణగారు 2011లో కన్నుమూసేదాకా ఆ జోడీ విడిపోలేదు; బాపుగారు 2014లో వెళ్ళిపోయారు. వాళ్ళ బుడుగు ఏ అతీత శక్తులూ లేని పిల్లవాడు. అయినా వాడి గొప్పలు వింటే ఏ సూపర్‌మానూ వాడి ముందు నిలవడు! వాడికీ ఒక సీగాన పెసూనాంబ ఉంది. మహానగరంలో బతుకుతూ సొంత ఊరి భాషను పిల్లవాడి నోట పలికించడం ఇద్దరు స్నేహితులు కలిస్తే సాధ్యమైంది. క్లీవ్‌లాండు కుర్రాళ్ళ కథకూ మన మద్రాసు కథకూ పోలిక ఇక్కడే ఉంది.

వీరుడు మొదట ఒంటరివాడు. కాని ఒంటరి వీరుడితో కథ నడపడం కష్టమని రచయితలకు తొందరలోనే తెలిసొచ్చింది. బాట్‌మాన్ కథలు రాసిన బిల్ ఫింగర్ తన వీరుడికి మాట్లాడుకోవడానికి ఒక మనిషి కావాలని గ్రహించాడు. షెర్లాక్ హోమ్స్‌కు డాక్టర్ వాట్సన్ ఉన్నట్టు. అలా 1940లో రాబిన్ అనే కుర్రవాడు వచ్చి చేరాడు. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న ఇద్దరు ఒకరికొకరు తోడయ్యారు. చదివే పిల్లవాడికి కథలోకి దిగడానికి తన వయసువాడొకడు మెట్టుగా దొరికాడు.

అంతకంటె మాకు నచ్చింది 1958లో వచ్చిన మార్పు. ఆ ఏడాది 'అడ్వెంచర్ కామిక్స్'లో సూపర్‌మాన్ చిన్నప్పటి కథల్లోకి 30వ శతాబ్దం నుంచి ముగ్గురు పిల్లలు దిగుతారు. ఒక్కొక్కరిది ఒక్కో గ్రహం, ఒక్కో శక్తి. ఒకడు ఇనుమును లాగుతాడు, ఒకడు మెరుపు కురిపిస్తాడు, ఒక అమ్మాయి మనసులో మాట చదువుతుంది. వాళ్ళకొక సంఘం ఉంది. అందులో చేరమని పిలుస్తారు, పరీక్షలు పెట్టి కాసేపు ఆటపట్టిస్తారు, చివరికి చేర్చుకుంటారు. ఈ సంఘాన్ని 'లీజన్ ఆఫ్ సూపర్ హీరోస్' అన్నారు. నిజానికి ఆ అబ్బాయికి కావలసింది బలం కాదు, అది వాడికి కొల్లలుగా ఉంది. తనలాంటి నలుగురు కావాలి. ఈ దేశంలో ఏ బడి గేటు దగ్గరయినా మధ్యాహ్నం నిలబడి చూడండి. మలయాళం, ఉర్దూ, అరబ్బీ, తగలోగ్, తెలుగు మాట్లాడే పిల్లలు ఒకే బస్సెక్కుతూ కనిపిస్తారు. ఆ సంఘం బొమ్మ కళ్ళముందు ఆడుతుంది.

ఇక్కడ మా వృత్తికి సంబంధించిన ఒక ముచ్చట చెప్పకుండా పోలేము. 1954లో అమెరికాలో ఫ్రెడరిక్ వెర్థామ్ అనే మానసిక వైద్యుడు ఈ పుస్తకాలు పిల్లల్ని నేరస్తుల్ని చేస్తున్నాయని పెద్ద గ్రంథమే రాశాడు. బాట్‌మాన్, రాబిన్‌ల చెలిమిని కూడా అనుమానంగానే చూశాడు. ఆ ఏడే సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ప్రచురణకర్తలు భయపడి తమకు తామే కఠినమైన నియమావళి పెట్టుకున్నారు. ఎన్నో పత్రికలు మూతపడ్డాయి. వెర్థామ్ చెడ్డమనిషి అనడానికి వీల్లేదు. న్యూయార్కులోని హార్లెమ్‌లో 1946లో పేద నల్లజాతి వారి కోసం అతి తక్కువ రుసుముతో మానసిక చికిత్సాలయం నడిపినవాడు. బళ్ళలో జాతి వివక్ష పిల్లలకు చేసే హాని గురించి కోర్టులో సాక్ష్యం చెప్పినవాడు. కాని ఆయన కాగితాలు 2010లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాక, కారల్ టిల్లీ అనే పరిశోధకురాలు వాటిని పుస్తకంతో సరిపోల్చి చూసి, పిల్లల మాటలను ఆయన మార్చాడనీ, కలిపాడనీ, తనకు అక్కర్లేనివి వదిలేశాడనీ 2012లో బయటపెట్టింది. ముందే నిర్ణయం చేసుకుని తర్వాత రోగిని పరీక్షిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటె మంచి పాఠం మాకు దొరకదు. పిల్లవాడి చేతిలో పుస్తకం లాక్కునే ముందు, అందులో వాడికి ఏం దొరుకుతోందో వాణ్ణే అడగడం మేలు.

ఇక అరబ్బు దేశాల సంగతి. సూపర్‌మాన్ అరబ్బీ నేర్చుకున్నది 1964లో, బేరూత్ నగరంలో. అక్కడి ప్రచురణకర్తలు క్లార్క్ కెంట్‌కు నబీల్ ఫౌజీ అని పేరు పెట్టారు. అరబ్బీ కుడి నుంచి ఎడమకు చదివే భాష గదా! పడమటి బొమ్మల కథను అరబ్బీలో వరస తప్పకుండా చదివించాలంటే పుటను అద్దంలో చూసినట్టు తిప్పాలి. అలా తిప్పితే కుడిచేతి వాటం వాడు ఎడమచేతి వాటం అయిపోతాడు. భాష మారితే వీరుడి చెయ్యి కూడా మారుతుందన్నమాట.

అప్పటికి ఎమిరేట్స్ అనే దేశమే ఏర్పడలేదు. 1971 డిసెంబరు 2న ఆరు ఎమిరేట్లు ఒకటయ్యాయి, 1972 ఫిబ్రవరిలో రస్ అల్ ఖైమా చేరి ఏడయ్యాయి. కొత్త దేశానికి బళ్ళు, ఆసుపత్రులు, రోడ్లతో పాటు పిల్లల పత్రిక కూడా కావాలనుకున్నారు. అబూ ధాబీలోని 'అల్ ఇత్తిహాద్' దినపత్రిక వారు 1979 ఫిబ్రవరి 28న 'మాజిద్' అనే వారపత్రిక మొదలుపెట్టారు. రస్ అల్ ఖైమా ప్రాంతంలోని జుల్ఫార్‌కు చెందిన 15వ శతాబ్దపు నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ పేరు మీద ఆ పేరు పెట్టారు. హిందూ మహాసముద్రపు దారులు పద్యాల్లో రాసిపెట్టిన మహానుభావుడాయన. పత్రిక నడిపిన రచయితల్లో, చిత్రకారుల్లో చాలామంది ఈజిప్టు నుంచి వచ్చినవాళ్ళు. అంటే వాళ్ళూ మనలాగా ఉద్యోగానికి వచ్చినవాళ్ళే. అందులో మహా సోమరి కస్లాన్, తెలివైన పిల్ల జకియ్యా, పోలీసు జంట ఖల్ఫాన్, ఫహ్మాన్ ఉండేవారు. ఫద్దూలీ అనే చిన్నవాడు ప్రతి సంచికలోనూ ఏదో ఒక బొమ్మలో దాక్కుంటే పిల్లలు వెతికి పట్టుకునేవారు. వీళ్ళెవరూ ఆకాశంలో ఎగరరు. జంటగానో గుంపుగానో తిరిగే మన వీధి పిల్లల వంటివాళ్ళు.

ఆ రోజుల్లోనే టెలివిజన్‌లో జపాను వాళ్ళ 'గ్రెండైజర్' లెబనాన్‌లో అరబ్బీ మాటలు తొడుక్కుని వచ్చి గల్ఫ్ పిల్లల్ని ఊపేసింది. అందులో వీరుడు శత్రువులు ధ్వంసం చేసిన గ్రహం నుంచి పారిపోయి వచ్చి, భూమి మీద వేరే పేరుతో పశువుల కొట్టం దగ్గర పనిచేస్తుంటాడు. అతన్ని మొదట నమ్మక, తర్వాత ప్రాణమిచ్చే మిత్రుడయ్యేవాడు కోజీ అనే కుర్రవాడు. మళ్ళీ అదే కథ: ఊరు పోగొట్టుకున్నవాడు, వాడికి దొరికిన స్నేహితుడు.

ఈ ప్రాంతం తన సొంత అతీత వీరుల్ని కన్నది 2006లో. కువైట్‌కు చెందిన నాయిఫ్ అల్ ముతవా వృత్తిరీత్యా క్లినికల్ సైకాలజిస్టు. న్యూయార్కులోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో చిత్రహింసలకు గురైనవాళ్ళకు చికిత్స చేసిన అనుభవం ఉన్నవాడు. ఆయన '99' అనే బొమ్మల కథను మొదలుపెట్టాడు. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను ధ్వంసం చేసినప్పుడు గ్రంథాలయాల్లోని జ్ఞానాన్ని 99 రత్నాల్లో దాచారనీ, ఆ రత్నాలు లోకమంతా చెదిరిపోయాయనీ, దొరికినవారికి ఒక్కో గుణం, ఒక్కో శక్తి వస్తుందనీ కల్పన. వాటిలో జబ్బార్ అనే సౌదీ కుర్రవాడు బలశాలి. నూరా అనే ఎమిరేట్స్ అమ్మాయి మనుషుల్లోని వెలుగును చూడగలదు. దార్ అనే అమెరికా యువకుడు చక్రాల కుర్చీలో ఉంటాడు. నొప్పిని కలిగించగలడు, తగ్గించగలడు. రోజూ నొప్పితో బేరాలాడే మాకు ఈ పాత్ర మీద కొంచెం పక్షపాతం ఉందని ఒప్పుకోవాలి.

ఇందులో అసలు విశేషం వేరే ఉంది. ఈ వీరులు ఎప్పుడూ ముగ్గురు కలిసే పనిచేస్తారు. ఏ ఒక్కడికీ అన్ని శక్తులూ లేవు. ఒకరి లోటు ఇంకొకరు పూడ్చాలి. 2010లో అమెరికా వీరుల బృందంతో ఈ 99 మంది చేతులు కలిపిన ఆరు సంచికల కథ మొదలయింది. అదే ఏడు ఏప్రిల్లో అధ్యక్షుడు ఒబామా దీన్ని మెచ్చుకున్నాడు. మెచ్చినవాళ్ళున్నట్టే నొచ్చినవాళ్ళూ ఉన్నారు. అభ్యంతరాలు, బెదిరింపులు వచ్చాయి. 2013లో సంచికలు ఆగిపోయాయి. అయినా ఒక మానసిక వైద్యుడు పిల్లల పుస్తకాల మీద నేరం మోపడంతో మొదలైన చరిత్రలో, ఒక మనస్తత్వవేత్త పిల్లల కోసం పుస్తకం చేయడం దాకా వచ్చామంటే దారి మంచిదే.

ఎమిరేట్స్‌లోనే పుట్టిన పుస్తకం మరొకటుంది. ఖైస్ సెద్కీ అనే ఎమిరాతీ రచయిత, సొంత భాషలో పిల్లలు ఇష్టపడి చదివే పుస్తకాలు తక్కువగా ఉన్నాయని బాధపడి, కంప్యూటర్ల ఉద్యోగం వదిలి ప్రచురణ సంస్థ పెట్టాడు. 2009లో 'సువార్ అల్ ధహబ్', అంటే బంగారు కడియం, అనే అరబ్బీ బొమ్మల కథ తెచ్చాడు. బొమ్మలు వేసింది అకిరా హిమెకావా అనే ఉమ్మడి పేరుతో పనిచేసే ఇద్దరు జపాను స్త్రీలు. కథ సుల్తాన్ అనే కుర్రవాడిది, మజ్ద్ అనే డేగది. ఎగిరే శక్తి ఇక్కడ వీరుడికి లేదు, వాడి స్నేహితుడికి ఉంది! డేగ ఆకాశంలోకి వెళ్ళి మళ్ళీ చేతి మీద వాలుతుందంటే అది గొలుసు బలం కాదు, నమ్మకం. జపాను కథలు కూడా కుడి నుంచి ఎడమకే నడుస్తాయి కనుక ఈసారి పుటను తిప్పవలసిన పనిలేకపోయింది. ఈ పుస్తకానికి 2010లో బాల సాహిత్యంలో షేక్ జాయెద్ పుస్తక పురస్కారం లభించింది. డేగల వేటను యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది కూడా ఆ ఏడే.

సొంత భాషలో పుస్తకం లేదన్న బాధ ఆయనది. మన బాధ అది కాదు; మనకు పుస్తకాలు ఉన్నాయి, పిల్లల చేతికి చేరడం లేదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన 'చందమామ' మన తరం దాకా వచ్చింది. అందులో 1950ల నుంచి దాసరి సుబ్రహ్మణ్యంగారు రాసిన సీరియళ్ళు, చిత్రాగారి బొమ్మలతో సహా, మనలో చాలామందికి అమ్మానాన్నలు కథలు కథలుగా చెప్పినవే. ఆ సీరియళ్ళ వీరుల్ని ఒకసారి వరసగా తలుచుకోండి. 'రాకాసిలోయ'లో కేశవుడు, జయమల్లు. 'పాతాళదుర్గం'లో ధూమకుడు, సోమకుడు. 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరి. 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. అందరూ జంటలే! ఖడ్గవర్మ కత్తి పట్టినవాడయితే జీవదత్తుడు మంత్రదండం పట్టినవాడు. ఒకడు తొందరపడితే ఇంకొకడు ఆగమంటాడు. అమెరికా వాడు రాబిన్‌ను కనిపెట్టినట్టే మన తెనాలి ప్రాంతం రచయిత, ఎవర్నీ చూసి కాదు, తన దారిన తాను, వీరుడికి తోడు కావాలని తెలుసుకున్నాడు. ఆయన 2010 జనవరిలో కాలం చేశారు. చందమామ కూడా ఆ తర్వాత కొన్నేళ్ళకే ఆగిపోయింది.

ఇంకా వెనక్కి పోతే హనుమంతుడున్నాడు. సముద్రం దాటగల బలం తనలో ఉందన్న సంగతే ఆయనకు గుర్తులేదు. జాంబవంతుడు పక్కన కూర్చుని గుర్తుచేస్తే గాని లేవలేదు. మన పెద్దలు ఆ ఘట్టాన్ని ఎందుకు అంత ఇష్టంగా చెప్పేవారో ఈ దేశం వచ్చాక మాకు బాగా బోధపడింది. మనలోని బలం మనకు కనపడదు. దాన్ని చూసి చెప్పేవాడు పక్కన ఉండాలి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ దేశంలో మన పిల్లలకు వచ్చే కష్టం ఒకటుంది. పెద్దలం దాన్ని అంతగా లెక్కలోకి తీసుకోము. ఇక్కడ భారతీయులం 35 లక్షలకు పైగా ఉన్నా చాలామందికి ఉద్యోగం ఉన్నంత కాలమే నివాసం. 2019 నుంచి పదేళ్ళ గోల్డెన్ వీసా ఇస్తున్నారు, అందులో వైద్యులకూ చోటుంది నిజమే; కాని పిల్లవాడి పక్క బెంచీలో కూర్చునే స్నేహితుడి తండ్రికి అది ఉండాలని లేదు. వేసవి సెలవులకు ఊరికి వెళ్ళిన కుటుంబాల్లో కొన్ని తిరిగి రావు. సెలవుల తర్వాత కడుపునొప్పి అనీ, నిద్రపట్టడం లేదనీ పిల్లల్ని ఆసుపత్రికి తీసుకొస్తారు. పరీక్షలన్నీ బాగానే ఉంటాయి. పక్కన కూర్చుని అడిగితే, ఫలానా స్నేహితుడు ఇక రాడని తెలిసిందని మెల్లగా చెబుతారు. దీనికి మా పెట్టెలో మాత్ర లేదు. "పోనీలే, కొత్తవాళ్ళు దొరుకుతారు" అనేస్తాం. పిల్లవాడికి అది ఓదార్పు కాదు. గ్రహం పోగొట్టుకున్నవాడి కథ వాడికి ఎందుకు కావాలో ఇప్పుడయినా మనం ఆలోచించాలి. వాడు ఆ పుస్తకంలో వెతుకుతున్నది గుద్దులు కాదు. పోయిన తర్వాత కూడా మళ్ళీ ఒక గుంపు కూడుతుందన్న హామీ.

అందువల్ల మన సభ్యులకు మా మనవి ఇది. పిల్లల చేతుల్లోంచి బొమ్మల పుస్తకాలు లాక్కోవద్దు. వాటి పక్కనే కేశవుణ్ణీ జయమల్లునూ పెట్టండి. చదవలేకపోతే రోజుకొక్క పేజీ మీరు చదివి వినిపించండి. బొమ్మ వాళ్ళు చూస్తారు, కథ మీరు చెబుతారు. రెండోది, వచ్చే సంచిక నుంచి మన పత్రికలో రెండు పేజీలు పిల్లలకు ఇమ్మని సంపాదకులను కోరుతున్నాం. షరతు ఒక్కటే: ఒకరు రాయాలి, ఇంకొకరు గీయాలి. ఒంటరిగా పంపితే వేసుకోకూడదు. రాసేది తెలుగు కావాలి. గీసేవాడు మాత్రం ఏ భాషవాడయినా సరే, పక్క ఫ్లాటు పాకిస్తానీ పిల్లవాడయినా, బడిలో కూర్చునే అరబ్బు అమ్మాయి అయినా. కథేమిటని బొమ్మ వేసేవాడికి చెప్పడం కోసమయినా మనవాడు తన తెలుగును ఒకటికి రెండుసార్లు సరిగా అర్థం చేసుకుంటాడు. ఆ స్నేహితుడు రేపు ఏ దేశం వెళ్ళినా ఇద్దరి పేర్లూ ఒకే పేజీ మీద ఉంటాయి.